పియానో లేని పాట కోసం: ఆల్బనీ, వాషింగ్టన్

స్వీట్ హనీ ఇన్ ద రాక్ పాటలు ఇష్టపడేవాళ్లు వాషింగ్టన్‌కే వెళ్లాలనుకుంటారు. వాద్యాల తోడు లేకుండా గొంతులతోనే పాడే ఈ నల్లజాతి మహిళల బృందం 1973లో పుట్టింది అక్కడే మరి. మేం రెండు చోట్లకీ వెళ్లాం. నా ఓటు అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఆల్బనీకే.

బృందాన్ని స్థాపించిన బెర్నీస్ జాన్సన్ రీగన్‌ది ఆ ప్రాంతమే. తండ్రి బాప్టిస్ట్ పాస్టరు. ఆమెకు పదకొండేళ్లు వచ్చేదాకా వాళ్ల చర్చిలో పియానో లేదు. చేతులూ కాళ్లే తాళం. 1961లో నల్లవాళ్ల పౌరహక్కుల ఊరేగింపులో నడిచినందుకు జైలుకెళ్లింది, కాలేజీ నుంచీ తీసేశారు. జైల్లో కూడా ఆడవాళ్ల చేత పాడించింది.

అట్లాంటా నుంచి కారులో మూడు గంటలు. ఐ-75 హైవే మీద కార్డీల్ ఊరి దాకా వెళ్లి 300 నంబరు రోడ్డు ఎక్కాలి. ఆనాటి హక్కుల ఉద్యమ సభలు జరిగిన ఓల్డ్ మౌంట్ జయాన్ చర్చి ఇప్పుడు ఆల్బనీ సివిల్ రైట్స్ ఇన్‌స్టిట్యూట్‌లో భాగం. నెలలో రెండో శనివారం అక్కడ ఆ ఉద్యమ పాటలు పాడే ఫ్రీడమ్ సింగర్స్ బృందం పాడటం ఆనవాయితీ. బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి, ఆ పాట వినకపోతే ప్రయాణంలో సగం పోయినట్టే. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు వంత పాడతారు, మన నాట్ల పాటల్లాగే. మా అత్తయ్యగారికి ఇంగ్లీషు అంతగా రాదు. రెండో పాటకే చప్పట్లు అందుకుని, మూడోదానికి గొంతు కూడా కలిపారు.

బస మాత్రం అంతంతే. మేం దిగిన హైవే పక్క మోటెల్ చవక, శుభ్రంగానూ ఉంది, కానీ రాత్రంతా ఏసీ హోరే. పొద్దున్నే బయల్దేరితే అసలు గది అక్కర్లేదు. శాకాహారులు ఆకుకూర చూసి సంబరపడొద్దు, ఇక్కడ చాలాచోట్ల పంది మాంసం వేసి ఉడికిస్తారు. అడిగి తినండి. మేం పులిహోర పట్టుకెళ్లాం.

వాషింగ్టన్‌లో 2016లో తెరిచిన ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియం గొప్పది. టికెట్టు లేదు, కానీ టైముతో కూడిన పాస్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. సంగీతం విభాగం నాలుగో అంతస్తులో ఉంది. జనం బాగా ఉంటారు కాబట్టి పొద్దుటి పాస్ మేలు. మెట్రోలో వెళ్లండి, పార్కింగ్ కోసం తిరగొద్దు. హోటళ్లు ఖరీదు, నది దాటి ఆర్లింగ్టన్ వైపు మెట్రో స్టేషన్ దగ్గర చూసుకుంటే కాస్త నయం. చదివి తెలుసుకోడానికి అక్కడ ఎంతో ఉంది. పాడటానికి మాత్రం మనల్ని ఎవరూ పిలవరు.

రీగన్ 2004లో బృందం నుంచి విరమించుకుని, 2024లో కన్నుమూసింది. తర్వాతివాళ్ల కచేరీ ఎక్కడైనా తగిలితే మధ్య సీట్లు తీసుకోండి. అర్ధచంద్రాకారంలో కూర్చుని పాడతారు, పక్కనే ఒకరు పాటంతా సైగల భాషలో చెబుతారు. 1980ల నుంచే వాళ్లు పాటిస్తున్న పద్ధతి అది. ఆ చేతులు కనిపించే చోట కూర్చోవాలి.