నాన్న చికిత్స కోసం గోదావరికి అటూ ఇటూ: దారులు, బసలు, ఆసుపత్రి మెట్లు

నాన్నకు ప్రోస్టేట్ క్యాన్సర్ ఉందని, అది అప్పటికే ఎముకలకు పాకిందని తెలిసి 18 నెలలైంది. ఈలోగా అంబాజీపేట దగ్గరి మా ఊరి నుంచి అమలాపురం, రాజమహేంద్రవరం, విశాఖపట్నం కలిపి ముప్పై సార్లకు పైగా ప్రయాణం చేశాము. మాలాగే తండ్రిని వెంటబెట్టుకుని బయలుదేరే వారికి ఏ దారి సులువో, ఎలాంటి బస పనికివస్తుందో చెప్పాలని ఇది రాస్తున్నాను. మేము చికిత్స చేయించిన ఆసుపత్రుల పేర్లు, దిగిన లాడ్జీల పేర్లు కావాలనే రాయలేదు.

నాన్నకు 71 ఏళ్ళు. కొబ్బరి దింపుల రోజుల్లో కాయలు ఎత్తి పోయించడం వల్లనే నడుము పట్టేసిందని ఆయనా, ఊళ్ళో సూదులు వేసే డాక్టరూ అయిదారు నెలలు నమ్మారు. రాత్రి ఆరేడు సార్లు మూత్రానికి లేవవలసి వస్తోందన్న మాట మాత్రం నాతో అనలేదు. కూతురితో చెప్పే సంగతి కాదనుకున్నారు. చివరకు అమలాపురంలో రక్తపరీక్ష చేయిస్తే, సాధారణంగా 4 లోపు ఉండవలసిన పీఎస్‌ఏ (ప్రోస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి వచ్చే ప్రోటీన్ కొలత) 380 వచ్చింది.

తమ్ముడు హైదరాబాదులో ఉంటాడు. వెంటనే అక్కడికే తీసుకురమ్మన్నాడు. నేను ఒప్పుకోలేదు. మూడు నెలలకొకసారి వేసే హార్మోన్ ఇంజెక్షన్ ఇక ఎప్పటికీ ఆగేది కాదు; దానితోపాటు 21 రోజులకొకటి చొప్పున ఆరు కీమోలు కావాలన్నారు. ఇవి ఎక్కడైనా ఒకే మందులు. తుంటి ఎముకలో గడ్డ ఉన్న మనిషిని, గంటకొకసారి మూత్రానికి వెళ్ళవలసిన మనిషిని, ప్రతి మూడు వారాలకూ రాత్రంతా రైల్లో కూర్చోబెట్టి తీసుకువెళ్ళడం కంటే ఇంటికి రెండు గంటల దూరంలోని రాజమహేంద్రవరంలో జరిగే చికిత్సే మేలనిపించింది. పెద్ద నగరంలో ఒకసారి రెండో అభిప్రాయం తీసుకోవడం వేరు, ప్రతిసారీ అక్కడికే పరుగెత్తడం వేరు. తమ్ముడు రిపోర్టులన్నీ అక్కడ ఒక డాక్టరుకు చూపించాడు. ఆయన కూడా అదే చికిత్స చెప్పడంతో ఆ వాదన ముగిసింది.

రాజమహేంద్రవరానికి మాకు రెండు దారులున్నాయి. ఒకటి కొత్తపేట మీదుగా రావులపాలెం చేరి, జొన్నాడ వంతెన దాటి జాతీయ రహదారి పట్టుకునేది. రెండవది రావులపాలెం నుంచి కాలువ గట్టున ఆత్రేయపురం, బొబ్బర్లంక మీదుగా ధవళేశ్వరం బ్యారేజీ దాటే దారి. నాన్నకు రెండవదే ఇష్టం. బ్యారేజీ మీద కారు ఆపించి, గేట్ల దగ్గర నీరు ఏ రంగులో ఉందో చూడనిదే కదిలేవారు కాదు. కానీ ఊరూరా ఉన్న స్పీడ్ బ్రేకర్లు ఆయన తుంటికి పడవు. మొదటిసారి ఆ దారిన వెళ్ళినప్పుడు ప్రతి కుదుపుకూ పళ్ళు బిగించి సీటు అంచు పట్టుకోవడం చూశాక, వెళ్ళేటప్పుడు జాతీయ రహదారి, నొప్పి తక్కువగా ఉంటేనే వచ్చేటప్పుడు కాలువ గట్టు అని నియమం పెట్టాను. అమ్మ బూరుగు దూదితో చిన్న దిండు కుట్టింది. అమ్మేవాళ్ళ దగ్గర కొన్న గాలి దిండు కంటే అదే బాగా పనికివచ్చింది. బస్సు ప్రయాణం రెండుసార్లతో మానేశాము. బస్సును తప్పు పట్టను, కానీ అడిగినచోట ఆగమని దానిని కోరలేము. అద్దె కారు డ్రైవరుకు మాత్రం దారిలో నీళ్ళూ శుభ్రతా ఉన్న మరుగుదొడ్లు ఏ పెట్రోలు బంకుల్లో ఉన్నాయో మూడో ప్రయాణానికే కంఠతా వచ్చింది.

రైలు కోసం సామర్లకోట వెళ్ళిన రోజున ముక్తేశ్వరం దగ్గర కారును పంటు (వాహనాలను గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కించి కోటిపల్లి రేవుకు దాటాము. ఈ 18 నెలల్లో నాన్న ఒక్క కుదుపూ లేకుండా చేసిన ప్రయాణం ఆ కాసేపే. అయితే దానిని నమ్ముకుని టిక్కెట్లు కొనకూడదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండవది, 17.75 అయితే మూడవది ఇస్తారు. వరద రోజుల్లో పంటు కట్టేస్తారు. శ్రావణంలో మాకు విశాఖ ప్రయాణం పడినప్పుడు, పరీక్ష రిపోర్టులతో సమానంగా ఆ అంకెలూ చూసుకున్నాము.

ఇక బసల సంగతి. కీమో ఎక్కించడానికి పట్టేది గంటే అయినా, ఉదయం రక్తపరీక్ష, ఆ ఫలితం వచ్చాక డాక్టరు సంతకం, మందు కలపడం అన్నీ కలిసి రోజంతా పడుతుంది. అందువల్ల ముందురోజు రాత్రే రాజమహేంద్రవరంలోని దానవాయిపేటకు చేరేవాళ్ళం. మొదట దిగిన లాడ్జీలో గది బాగుంది, ఏసీ ఉంది, కానీ స్నానాల గదికి రెండు మెట్లు దిగాలి, పట్టుకోవడానికి గోడకు ఏమీ లేదు. రెండవచోట నాన్నకు గొట్టం పెట్టి మూత్రపు సంచి తగిలించి ఉండగా వెళ్ళాము. కౌంటరు దగ్గరి మనిషి పంచె పక్క నుంచి కనిపిస్తున్న సంచిని చూసి, అంతకుముందే ఫోనులో ఇస్తానన్న గదిని లేదన్నాడు. నాన్న ఒక్క మాట అనలేదు. బయటకు వచ్చి అరుగు మీద కూర్చుని, "అమ్మాయ్, నువ్వు వాడితో గొడవ పడకు, ఆటో పిలు" అన్నారు. ఆ రాత్రి గోదావరి స్టేషన్ దగ్గర ఒక సత్రంలో దిగాము. ఏసీ లేదు, మంచాలు ఇనుపవి. అయితే గది కింది అంతస్తులో ఉంది, పాశ్చాత్య పద్ధతి మరుగుదొడ్డి మంచానికి నాలుగడుగుల్లో ఉంది, తెల్లవారుజామున అయిదింటికే వేడినీళ్ళు ఇచ్చారు. మిగిలిన కీమోలన్నింటికీ అక్కడే దిగాము. గది అడిగేటప్పుడు అద్దె కంటే ముందు మంచానికీ మరుగుదొడ్డికీ మధ్య ఎన్ని అడుగులున్నాయో అడగాలని అక్కడ నేర్చుకున్నాను. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి కనుక ఆ రోజుల్లో చికిత్స తేదీ పడేవారు బస ముందుగానే చూసుకోవాలి.

తుంటి ఎముకకు అయిదు రోజుల రేడియేషన్ కోసం విశాఖ వెళ్ళాము. క్యాన్సర్ రోగికి చికిత్స కోసం రైల్వే ఇచ్చే రాయితీ చాలామందికి తెలియదు. స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ రోగికి ఛార్జీ పూర్తిగా ఉండదు, తోడు వెళ్ళే వారికి 75 శాతం తగ్గుతుంది. సెకండ్ క్లాసులోనూ ఏసీ ఛైర్ కారులోనూ ఇద్దరికీ 75 శాతం తగ్గుతుంది. ఆసుపత్రి వారు సంతకం చేసి ముద్ర వేసిన ఫారం తీసుకుని రిజర్వేషన్ కౌంటరుకు వెళ్ళాలి. మేము రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో ఛైర్ కారు తీసుకున్నాము. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళేవారికి దువ్వాడలో దిగడం నయం. మేము వెళ్ళింది ఆరిలోవ వైపు, కనుక విశాఖ దాకా వెళ్ళాము. అక్కడ రోజుకు 900 రూపాయలకు ఒక ఇంటిలో వంటగదితో కూడిన గది దొరికింది. నోరు పాడైన మనిషికి హోటల్ సాంబారు కంటే మెత్తగా వండిన అన్నం, పెసరకట్టు ఎంత అవసరమో ఆ అయిదు రోజుల్లో తెలిసింది. రేడియేషన్ గది చల్లగా ఉంటుంది, ఒక దుప్పటి వెంట ఉండాలి. సిబ్బంది ఓపిక గలవారే. వేచి ఉండే చోట మాత్రం నలభై మందికి ఒకే మరుగుదొడ్డి.

ఆరోగ్యశ్రీ గురించి ఒక మాట. ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ అయినా మా ఊళ్ళో అందరి నోటా ఆరోగ్యశ్రీయే. బయాప్సీ రిపోర్టు లేకుండా ఆ కౌంటరు దగ్గర నిలబడి ప్రయోజనం లేదు. ఒక ఆసుపత్రిలో మమ్మల్ని ఆ ఒక్క కాగితం కోసం మూడు రోజులు తిప్పారు. అందుకే అసలు కాగితాలు ఒక సంచిలో, మూడు జతల నకళ్ళు మరో సంచిలో పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను.

అమలాపురాన్ని మొదట తక్కువ అంచనా వేశాను. నాలుగవ కీమో తరువాత తొమ్మిదో రోజు రాత్రి నాన్నకు 101 డిగ్రీల జ్వరం వచ్చింది. కీమో రోజుల్లో 100.4 దాటితే తెల్లవారే దాకా ఆగకూడదని ముందే చెప్పి ఉండడంతో, రాత్రి పదకొండింటికి అమలాపురంలో ఒక చిన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. డ్యూటీ డాక్టరు కీమో ఫైలు చూసిన అరగంటలో రక్తం తీసి యాంటీబయోటిక్ మొదలుపెట్టాడు. ఆ అరగంట విలువ పెద్ద ఆసుపత్రి అద్దాల మేడలో కనిపించదు. మూడు నెలల ఇంజెక్షన్ కూడా ఇప్పుడు అక్కడే వేయిస్తున్నాము. మందు మాత్రం ఐసు పెట్టెలో మేమే తీసుకువెళ్తాము.

ఆ ఇంజెక్షన్ వల్ల నాన్నకు ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు వచ్చి చొక్కా తడిసిపోతుంది. తొలిసారి సత్రంలో అర్ధరాత్రి లేచి కూర్చుని గుండెకేదో అవుతోందని భయపడ్డారు. అమ్మ విసనకర్ర అందుకుని, "నాకు యాభయ్యేళ్ళప్పుడు ఇదే వస్తే ఫ్యాను వేసుకోమన్నారు, గుర్తుందా?" అంది. ఆయన చాలాసేపు ఆలోచించి, "తప్పే" అన్నారు. రుచి పోయిన రోజుల్లో ఆత్రేయపురంలో ఆగి పూతరేకు పెడితే కాగితం నమిలినట్టుందన్నారు. అమ్మ అది ఎప్పుడూ కాగితమేనంది.

ఇప్పుడు అబిరాటెరాన్ అనే క్యాన్సర్ మందు నాలుగు మాత్రలు రోజూ పరగడుపున వేసుకోవాలి, తరువాత గంట దాకా ఏమీ తినకూడదు. ప్రయాణం రోజున ఆ గంట సరిగ్గా జొన్నాడ వంతెన దగ్గర పూర్తవుతుంది. అక్కడ టీ దుకాణంలో ఇడ్లీ మెత్తగా ఉంటుంది. వచ్చే నెల పీఎస్‌ఏ పరీక్షకు రాజమహేంద్రవరం వెళ్ళాలి. నొప్పి తగ్గింది కనుక వచ్చేటప్పుడే కాదు, వెళ్ళేటప్పుడు కూడా బ్యారేజీ మీదుగానే పోదామని నాన్న డ్రైవరుకు నాకు తెలియకుండా ఫోను చేసి చెప్పారట.