అత్తయ్యకు వేయించిన న్యుమోనియా టీకా: మందుకు పూర్తి మార్కులు, క్లినిక్‌కు సగమే

మా అత్తయ్యకు డెబ్బై దాటాయి. ఆయాసం ఉంది, రక్తం పలచబడే మాత్రలు వాడతారు. డాక్టరు న్యుమోనియా టీకా వేయించమన్నప్పటి నుంచి ఆవిడది ఒకటే పాట: "లేని రోగాన్ని సూదితో ఎక్కించుకోవడం ఎందుకే?"

ఆ భయం మాత్రం అక్కర్లేదు. ఇందులో బతికున్న క్రిమి ఉండదు. న్యుమోకాకస్ బ్యాక్టీరియా పైపొరలోని చక్కెర పదార్థాన్ని ఒక ప్రోటీన్‌కు అతికించి ఇస్తారు, అంతే. దానివల్ల న్యుమోనియా వచ్చే ప్రసక్తే లేదు.

మేం వేయించింది పీసీవీ20, అంటే 20 రకాల న్యుమోకాకస్ మీద పనిచేసేది. నర్సు ఫ్రిజ్‌లోంచి సిరంజి తీసి గట్టిగా ఊపింది. అడుగున పేరుకున్నదంతా కలిసిపోయి తెల్లగా అయ్యాకే భుజం కండకు వేసింది. అర మిల్లీలీటరు. "అప్పుడే అయిపోయిందా?" అన్నారు అత్తయ్య.

సాయంత్రానికి నొప్పి మొదలైంది. రాత్రి జాకెట్టు మార్చుకోవడానికి చెయ్యి లేవక నన్ను పిలిచారు. మర్నాడు ఒళ్లునొప్పులు, నీరసం. కొందరికి ఒళ్లు వెచ్చబడుతుందట, ఆవిడకు అదీ లేదు. పారాసిటమాల్ వేసుకుని పడుకున్నారు. ఆ తర్వాత టీవీ రిమోట్ మళ్లీ ఆవిడ చేతికే వెళ్లిపోయింది!

ఇక క్లినిక్ సంగతి. రక్తం పలచబడే మాత్రల గురించి వాళ్లు అడగలేదు, నేనే చెప్పాను. అవి వాడుతున్నా టీకా వేయించుకోవచ్చు. కాకపోతే సన్న సూది వాడాలి, వేశాక రుద్దకుండా రెండు నిమిషాలు అదిమి పట్టుకోవాలి. అలర్జీల మాటా ఎత్తలేదు. ఇంతకుముందు న్యుమోకాకల్ టీకాకో, డిఫ్తీరియా ఉన్న టీకాకో తీవ్రమైన అలర్జీ వచ్చినవాళ్లకు ఇది వేయకూడదు కదా! అలాంటి అలర్జీ చాలా అరుదే, కానీ వస్తే ఎక్కువగా నిమిషాల్లోనే వస్తుంది. అందుకే పావుగంట కూర్చోబెట్టాలి. మమ్మల్ని వెంటనే లేవమన్నారు. నేను లేవలేదు, ఆవిడను లేవనివ్వలేదు.

దీంతో అన్ని న్యుమోనియాలూ ఆగిపోవు, వైరస్‌తో వచ్చేవాటికి ఇది పనిచేయదు. నెదర్లాండ్స్‌లో 65 ఏళ్లు, ఆపైబడిన సుమారు 85 వేల మంది మీద చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. అందులో దీనికి ముందొచ్చిన 13 రకాల టీకా, ఆ రకాల వల్ల వచ్చే న్యుమోనియాను 45 శాతం దాకా, రక్తంలోకి పాకే తీవ్రమైన జబ్బును 75 శాతం తగ్గించింది. ఆ రెండో అంకె కోసమైనా నేను వేయిస్తాను.

చివర్లో ఇంకో తంటా. కార్డు మీద ఉత్త "న్యుమోనియా" అని రాసిచ్చారు. పీసీవీ20 అయితే మామూలుగా ఒక్క డోసుతో సరి, పీసీవీ15 అయితే తర్వాత 23 రకాల టీకా కూడా పడాలి. ఏది వేశారో రాయకపోతే రేపు ఇంకో డాక్టరుకు ఎలా తెలుస్తుంది? కార్డు వెనక్కిచ్చి టీకా పేరు, బ్యాచ్ నంబరు, తేదీ రాయించుకున్నాకే బయటికొచ్చాం.