క్యూబ్ షెల్ఫులతో పడకగది బీరువా: రెండేళ్లు దాటాక నా అభిప్రాయం

చీరలకు, మడతపెట్టే బట్టలకు ఈ ఏర్పాటు చాలా బాగుంది. హ్యాంగర్‌కు తగిలించే బట్టలకు మాత్రం గడుల్లో చోటుండదు, వేరే దారి చూసుకోవాల్సిందే. మేం ఉండేది హైదరాబాద్‌లో అద్దె ఫ్లాటు. పడకగదిలో పైన సజ్జ తప్ప కప్‌బోర్డు లేదు. ప్లైవుడ్‌తో వార్డ్‌రోబ్ కట్టిస్తే ఇల్లు మారేటప్పుడు అది ఓనర్‌కే మిగులుతుంది. అందుకని నిలువుగా నాలుగు, అడ్డంగా రెండు గడులుండే షెల్ఫులు రెండు కొన్నాం.

ఈ రకంలో అందరికీ తెలిసింది ఐకియా వాళ్ల కాలాక్స్. 2014లో, అంతకుముందున్న ఎక్స్‌పెడిట్ స్థానంలో వచ్చింది. గడి లోపలి వెడల్పు, ఎత్తు 33 సెంటీమీటర్లు, షెల్ఫు లోతు 39. మావి వేరే కంపెనీవి, కొలతలు మాత్రం దాదాపు అవే.

33 సెంటీమీటర్లంటే 13 అంగుళాలు. చీర పన్నా మామూలుగా 45 నుంచి 47 అంగుళాలు ఉంటుంది. నాలుగు మడతలు వేస్తే 12 అంగుళాల లోపే. అంటే గడిలో చీర సరిగ్గా కూర్చుంటుంది, రెండు పక్కలా వేళ్లు దూరేంత సందు మిగులుతుంది. పెద్ద బీరువా అరలో ఒక దొంతర కదిపితే పక్కది ఒరుగుతుంది. ఇక్కడ ఆ బాధ లేదు. పట్టుచీరలకో గడి, రోజువారీ కాటన్ చీరలకో గడి, లుంగీలకూ తువ్వాళ్లకూ ఒకటి. గడికి ఏడెనిమిది చీరలు మించకుండా పెడితే అడుగున ఉన్నది కూడా నలగకుండా వస్తుంది. పట్టుచీరల్ని మెత్తటి పాత పంచె గుడ్డలో చుట్టి పెడతాను. ప్లాస్టిక్ కవర్లో పెడితే తేమ లోపలే ఉండిపోతుంది. మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చకపోతే జరీ ఆ గీత దగ్గరే విరుగుతుంది. చీరలు కళ్లెదుటే ఉంటాయి కాబట్టి ఆ పని గుర్తుంటోంది. నాకు ఇదే పెద్ద లాభం.

ఇక హ్యాంగర్ల సంగతి. పెద్దవాళ్ల హ్యాంగర్ 42 నుంచి 45 సెంటీమీటర్లు, షెల్ఫు లోతేమో 39. మధ్య పలక తీసేసి రాడ్ పెట్టమని కొందరు చెబుతారు. అది వద్దు, ఆ పలకల వల్లే ఫ్రేము కదలకుండా నిలబడుతుంది. మేం రెండు షెల్ఫుల మధ్య మూడడుగుల ఖాళీ వదిలి స్టీల్ పైపు వేయించాం. చొక్కాలు, కుర్తీలు హాయిగా వేలాడతాయి. అనార్కలీల అంచు నేలకు తగులుతుంది.

పైపు బిగించేటప్పుడు తెలిసింది, మా షెల్ఫు పక్క పలకలు గట్టి చెక్క కాదని. పైన పల్చటి పొర, లోపల అట్ట. స్క్రూ పట్టు నిలవలేదు. కార్పెంటర్ పలకకు రెండు వైపులా ప్లైవుడ్ ముక్కలు పెట్టి, నట్టు బోల్టు బిగించాడు. అప్పటినుంచి బరువైన కోట్లు వేసినా కదల్లేదు.

గోడకు బిగించకుండా మాత్రం వాడొద్దు. 2016లో అమెరికాలో ఐకియా దాదాపు 2.9 కోట్ల సొరుగుల బీరువాలను వెనక్కి పిలిచింది. గోడకు బిగించనివి మీద పడి పిల్లలు చనిపోవడమే అందుకు కారణం. ఓనర్ డ్రిల్ వద్దంటే నచ్చజెప్పండి. రెండు కంతలే కదా, ఖాళీ చేసేటప్పుడు పుట్టీ పెట్టి పూడ్చేయొచ్చు. ఇంట్లో పసిపిల్లలుండి ఓనర్ ఎంతకీ ఒప్పుకోకపోతే ఈ ఆలోచనే మానుకోండి.

దుమ్ము విషయంలో తలుపుల బీరువాతో ఇది పోటీపడలేదు. ముందు మొత్తానికీ మంగళగిరి కాటన్ గుడ్డతో తెర కుట్టించాను, చాలావరకు ఆగింది. లోదుస్తులకు, సాక్సులకు గుడ్డ పెట్టెలున్నాయి.

వానాకాలంలో అసలు పరీక్ష కింది వరుసకే. తడిగుడ్డ పెట్టిన ప్రతిసారీ నీళ్లు అంచుకు తగిలి, అక్కడున్న పార్టికల్ బోర్డు (చెక్కపొట్టు అదిమి చేసిన పలక) ఉబ్బుతుంది. ఒక మూల మాకూ అలాగే లేచింది. ఇప్పుడు షెల్ఫుల కింద నాలుగంగుళాల కాళ్లు వేయించాం, గోడకూ వెనకవైపుకూ మధ్య అంగుళం సందు ఉంచాం. కింది గడుల్లో బట్టలు కాకుండా బ్యాగులు పెడుతున్నాం.

ఇల్లు మారినప్పుడు ఒక షెల్ఫు విప్పి మళ్లీ బిగించారు, దాని కీళ్లు కాస్త వదులయ్యాయి. రెండోది విప్పకుండా అలాగే ఆటోట్రాలీలో ఎక్కించారు, ఇప్పటికీ కొత్తదానిలాగే ఉంది. మీ లిఫ్టులో పడుతుందో లేదో కొనేముందే కొలుచుకోండి.