లెనిన్ సెంటర్‌లో దొరికిన ‘శిథిలాలయం’ బైండు

లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్ల గురించి బెజవాడ వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. చందమామ సీరియళ్ళ కోసం తిరిగేవాళ్ళు మాత్రం రోడ్డు మీదే ఆగిపోకుండా కాస్త లోపలికి, మెట్ల కింద బోర్డు లేని చిన్న కొట్టు దాకా వెళ్ళండి. పాత సంచికల్లోంచి సీరియల్ పేజీలు విడదీసి, వరసగా పేర్చి కుట్టిన బైండ్లు అక్కడ ఉంటాయి. నేను ‘శిథిలాలయం’ తెచ్చుకున్నా. తొమ్మిది వందలు చెప్పి ఏడు వందలకిచ్చారు.

కాగితం పసుపెక్కింది గానీ చిత్రా గారి బొమ్మలు ఇంకా కళకళలాడుతున్నాయి. కుట్టు మరీ లోపలికి వేయడంతో కొన్ని పేజీల్లో లైను చివరి అక్షరాలు కుట్టులోకి పోయాయి, ఒకచోట కథలో హీరో శిఖిముఖి కాస్తా ‘శిఖి’ దగ్గరే ఆగిపోయాడు. ఒక నెల భాగానికి జిరాక్స్ పెట్టారు, ఆ సంగతి డబ్బులు తీసుకోకముందే చెప్పారు.

నాకు బాగా నచ్చింది మొదటి పేజీ. పెన్సిలుతో ‘రచన: దాసరి సుబ్రహ్మణ్యం’ అని ఉంది. కొట్టాయన కట్టే ప్రతి బైండు మీదా అలాగే రాస్తారట, ఎందుకంటే పత్రికలో ఆ పేరు వేసేవాళ్ళు కాదు. మా అమ్మమ్మ ఇవన్నీ చందమామ నడిపిన చక్రపాణి గారే రాస్తున్నారనుకునేది. రాసిందేమో తెనాలి దగ్గర పెదగాదెలవర్రులో 1932లో పుట్టి, ఇరవై ఏళ్ళకే మద్రాసు వెళ్ళి చందమామలో చేరి, 2006 దాకా 54 ఏళ్ళు అక్కడే పనిచేసిన మనిషి. 1954లో ‘తోకచుక్క’ మొదలుకొని ‘భల్లూక మాంత్రికుడు’ వరకు పన్నెండు సీరియళ్ళు! ఊళ్ళకి ఊళ్ళు ఎదురుచూసిన కథలు రాసి పేరు లేకుండా ఉండిపోవడం తలుచుకుంటే నాకిప్పటికీ మనసు అదోలా అయిపోతుంది. చివరికి విజయవాడ వచ్చి 2010 జనవరిలో ఇక్కడే కన్నుమూశారు. నేను ఇదే రోడ్డు మీద పుస్తకాలు వెతుక్కుంటూ తిరిగిన రోజుల్లో ఆయన ఈ ఊళ్ళోనే ఉన్నారన్నమాట, తెలిసుంటే వెళ్ళి దండం పెట్టుకుని వచ్చేవాణ్ణి.

మా వాడు నాలుగో తరగతి, తెలుగు గబగబా చదవలేడు. రాత్రిళ్ళు నేనే చదువుతున్నా. ‘ఇంకా ఉంది’ అని కనపడగానే మా నాన్న నెల రోజులు ఆగేవాడట, వీడు నా చేతిలో పేజీ తనే తిప్పేస్తున్నాడు.

‘కంచుకోట’ బైండు కూడా అడిగాను, ఇంకో రెండు సంచికలు దొరకాలన్నారు. మీ అటక మీద పాత చందమామలుంటే తూకానికి వేసేముందు ఒకసారి ఆయనకి చూపించండి.