ఆరు వారాల ముందు ఒక మంగళవారం: ఆమ్‌స్టర్‌డామ్‌లో అన్నే ఫ్రాంక్ ఇల్లు

ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తున్నాం, సలహా చెప్పమని ఎవరైనా అడిగితే నేను విమానం సంగతి, హోటల్ సంగతి ముందు ఎత్తను. "అన్నే ఫ్రాంక్ ఇల్లు చూడాలనుందా?" అని అడుగుతాను. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలకి చిక్కకుండా దాక్కుని డైరీ రాసుకున్న యూదు అమ్మాయి అన్నే, ఆమె దాక్కున్న ఇల్లే ఇప్పుడు మ్యూజియం. ఉందంటే ఆ ఒక్క టికెట్ చుట్టూనే మిగతా ట్రిప్పంతా కట్టుకోవాలి. లేదంటే ఊళ్లో చూడ్డానికి కావలసినంత ఉంది, ఎప్పుడు వెళ్లినా నడుస్తుంది.

అక్కడ గేటు దగ్గర టికెట్లు అమ్మరు. పొద్దున్నే వెళ్లి లైన్లో నిలబడదాం అనుకుంటే కుదరదు. మ్యూజియం సొంత వెబ్‌సైట్‌లో, తేదీతో పాటు టైము కూడా ఎంచుకుని కొనాలి. ప్రతి మంగళవారం అక్కడి టైము ఉదయం 10 గంటలకి, ఆరు వారాల తర్వాత రాబోయే వారానికి టికెట్లు వదులుతారు. మనకది వేసవిలో మధ్యాహ్నం 1:30. అక్టోబరు చివర్లో వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి అప్పట్నుంచి మార్చి చివరిదాకా 2:30. ఈ గంట తేడా తెలియక మధ్యాహ్నమంతా పేజీ రిఫ్రెష్ చేస్తూ కూర్చునేవాళ్లుంటారు.

తిరుమల 300 రూపాయల టికెట్లు వదిలే రోజు ఫోను, ల్యాప్‌టాప్ రెండూ ముందేసుకుని కూర్చున్న ఇళ్లకి ఇదేం కొత్త కాదు. ఇక్కడా అంతే. అక్కడ పది కాకముందే వెబ్‌సైట్ తెరిచి ఉంచుకున్నాం, పదయ్యేసరికి మనకో వరుస నంబరు పడింది, అది మెల్లగా తగ్గుతూ వచ్చింది. మా వంతు వచ్చేసరికి శని, ఆదివారాలు పగటి స్లాట్లు అయిపోయాయి. గురువారం సాయంత్రం మాత్రం మిగిలింది, కళ్లకద్దుకుని తీసుకున్నాం. ఒక్క తేదీనే మనసులో పెట్టుకుని కూర్చోకుండా రెండు మూడు రోజులు, ఉదయం సాయంత్రం రెండూ అనుకుని ఉంటే వంతు వచ్చాక తటపటాయింపు ఉండదు.

డబ్బు కట్టే దగ్గర మనవాళ్లకి అసలు గండం. అక్కడివాళ్లు ఐడీల్ అనే పద్ధతిలో కడతారు, దానికి డచ్ బ్యాంకు ఖాతా ఉండాలి. మనకి క్రెడిట్ కార్డే గతి. మన బ్యాంకులు కార్డు మీద విదేశీ లావాదేవీలు మామూలుగా ఆపేసి ఉంచుతాయి. ముందురోజే యాప్‌లోకి వెళ్లి ఆ మీట నొక్కి ఉంచుకోండి. ఓటీపీ వచ్చే ఫోను చేతికందేలా ఉండాలి. మా ఇంట్లో ఆ ఫోను మావారితో పాటు ఆఫీసులో ఉంది. "ఏవండీ, మీటింగయినా ఏదయినా సరే, ఒంటిగంటన్నరకి ఫోన్ చేతిలో పెట్టుకోండి" అని ముందే చెప్పి ఉంచాను.

మేం కొన్నప్పుడు పెద్దవాళ్లకి 16 యూరోలు, 10 నుంచి 17 ఏళ్ల పిల్లలకి 7, అంతకన్నా చిన్నవాళ్లకి 1. కొన్నాక రద్దు చేసి డబ్బు వెనక్కి తీసుకునే వీలు లేదు. వీసా రాకముందే కొనాలా అని అందరూ అడుగుతారు. నా మటుకు కొనెయ్యమనే చెప్తాను. షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు గానీ, అపాయింట్‌మెంట్ దొరకడం, పాస్‌పోర్ట్ తిరిగి రావడం మన చేతిలో లేదు. వీసా చేతికొచ్చాక చూద్దాం అనుకుంటే ఆ ఆరు వారాల అదను దాటిపోతుంది. వీసా రాకపోతే పోయేది విమాన టికెట్ ముందు లెక్కలోకి రాని సొమ్ము.

ఇంకో సంగతి. అన్నే ఫ్రాంక్ పేరుతో "వాకింగ్ టూర్"లు ఇంటర్నెట్‌లో బోలెడు కనిపిస్తాయి. వాటిలో చాలావాటికి ఇంటి లోపలికి ప్రవేశం ఉండదు, వీధుల్లో తిప్పి కథ చెప్పి బయట వదిలేస్తారు. ఆ మాట కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. వాళ్లు కథ బాగా చెప్తే చెప్పొచ్చు, కానీ లోపలికి వెళ్తున్నామనుకుని డబ్బు కట్టకండి. మ్యూజియమే అమ్మే రకం ఒకటుంది: అరగంట ఇంగ్లీషు పరిచయం, ఆ తర్వాత ఇల్లు. మామూలు టికెట్ కన్నా కాస్త ఎక్కువ. యుద్ధం సంగతులు పెద్దగా తెలియని పిల్లలతో వెళ్తుంటే నేను దాన్నే తీసుకుంటాను.

ఇల్లు ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ కాలువ ఒడ్డున, 263 నంబరు. లోపలికి వెళ్లే దారి మాత్రం మలుపు తిరిగాక వెస్టర్‌మార్క్ట్ వైపుంది. సెంట్రల్ స్టేషన్ నుంచి 13 లేదా 17 నంబరు ట్రామ్ ఎక్కి వెస్టర్‌మార్క్ట్ దగ్గర దిగితే పక్కనే. గుమ్మం ముందు స్లాట్ టైము రాసి జనాన్ని నిలబెడతారు, మన టైముకి పిలుస్తారు, ఫోన్లో టికెట్ స్కాన్ చేస్తారు. పెద్ద బ్యాగులు రానివ్వరు, సూట్‌కేసులుంటే స్టేషన్ లాకర్లో పెట్టి రావాలి. ఫొటోలు నిషిద్ధం. టికెట్‌లోనే ఆడియో గైడు ఉంది, తెలుగు లేదు, అమ్మ కోసం నేను చెవిలో చెప్తూ నడిచాను.

ముందు భాగమంతా ఆఫీసు, గోదాము. అన్నే నాన్న ఒట్టో ఫ్రాంక్ వ్యాపారం జామ్ చిక్కబరిచే పెక్టిన్. దాని వెనక ఇంట్లో 1942 జులై నుంచి 1944 ఆగస్టు 4న పోలీసులు వచ్చేదాకా అన్నే కుటుంబంతో కలిపి ఎనిమిది మంది దాక్కున్నారు. బతికి బయటపడింది ఒట్టో ఒక్కడే. అన్నే 1945 తొలి నెలల్లో బెర్గెన్-బెల్సెన్ అనే నాజీ నిర్బంధ శిబిరంలో చనిపోయింది. ఆఫీసులో పనిచేసే మీప్ హీస్, బెప్ వాస్కైల్, యోహానెస్ క్లైమన్, విక్టర్ కుగ్లర్ వాళ్లకి తిండీ కబుర్లూ చేరవేసేవాళ్లు. గుమ్మానికి అడ్డంగా పెట్టిన పుస్తకాల బీరువా చేసింది బెప్ నాన్న. అది ఇప్పటికీ అక్కడే ఉంది, తలుపులా పక్కకి తెరిచి, అరల్లో ఆఫీసు ఫైళ్లతో. దాని వెనక ఎత్తు గడప దాటి, తల వంచి లోపలికి వెళ్లాలి.

అక్కడి మెట్ల మీద కాలు పూర్తిగా ఆనదు, పక్కకి తిప్పి పెట్టాలి. అమ్మ మోకాళ్లు పట్టుకుని ఆగి, "రెండేళ్లు ఇవి చప్పుడు చెయ్యకుండా ఎక్కారటే వీళ్లు!" అంది. పగలు కింద గోదాములో పనివాళ్లుండేవాళ్లు, కొళాయి తిప్పడానికీ భయమే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్లే ముందు ఇది ఆలోచించుకోండి, వెనక ఇంటికి చక్రాల కుర్చీ వెళ్లదు.

గదుల్లో సామాను లేదు. అరెస్టు తర్వాత అంతా ఎత్తుకుపోయారు, అలాగే ఖాళీగా ఉంచమన్నది ఒట్టో. 1960లో మ్యూజియంగా తెరిచినప్పటినుంచీ అంతే. గోడ మీద పెన్సిల్ గీతలున్నాయి, పిల్లల ఎత్తు కొలిచినవి. దాక్కున్న రోజుల్లో అన్నే 13 సెంటీమీటర్లు పెరిగిందట. అదే గదిలో ఫ్రాన్స్‌లోని నార్మండీ మ్యాపు, మిత్రదళాలు ఎంతవరకు వచ్చాయో గుండుసూదులతో గుర్తు పెట్టినది. అన్నే గదిలో ఆమె అంటించుకున్న సినిమా తారల బొమ్మలు అద్దం కింద భద్రంగా ఉన్నాయి. మనం చిన్నప్పుడు అలమర తలుపుకి అంటించినవి ఎవరి ఇంట్లో ఇలా మిగిలాయి?

టైము స్లాటు గురించి విసుక్కునేవాళ్లకి ఈ గదులే జవాబు. ఒక్కో గదిలో పదిమంది చేరితే ఊపిరాడదు. స్లాటు లోపలికి వెళ్లే టైముకే, బయటికి పంపే టైమంటూ లేదు. మాకు గంట పైనే పట్టింది. కానీ దారి ఒకే దిక్కుకి సాగుతుంది, వెనక జనం వస్తుంటారు కాబట్టి నచ్చిన చోట ముందే నిలబడి చూసుకోవడం మంచిది. సాయంత్రం స్లాటు మేలనిపించింది నాకు. మేం వెళ్లిన వేసవిలో రాత్రి పదింటిదాకా తెరిచి ఉంది. స్కూలు గుంపులు లేవు, బయటికొచ్చేసరికి ఇంకా వెలుతురుంది.

మిగతా మ్యూజియాలకి ఇంత హైరానా లేదు. వాన్ గోహ్ మ్యూజియానికీ టైము టికెట్టే, కానీ మాకు వారం ముందు చూసినా దొరికింది. రైక్స్ మ్యూజియం పెద్దది కాబట్టి ఇంకా సులువు. అక్కడ రెంబ్రాంట్ "నైట్ వాచ్" చుట్టూ అద్దాల గది కట్టి, 2019 నుంచి జనం ముందే ఆ బొమ్మని పరిశీలించి బాగు చేస్తున్నారు. సిటీ కార్డు కొంటే అన్నీ వచ్చేస్తాయనుకోకండి, అన్నే ఫ్రాంక్ ఇల్లు అందులో లేదు. తులిప్‌ల కాలంలో, అంటే మార్చి మధ్య నుంచి మే మధ్యదాకా, క్యూకెన్‌హాఫ్ తోటకీ తేదీ, టైము చూసి కొనాలి. రెండూ ఒకే ట్రిప్పులో కావాలంటే ముందు ఈ ఇంటి టికెట్ పట్టుకుని, తోట దాని పక్కన సర్దుకోండి.

టికెట్ అసలు దొరకలేదనుకోండి. వేస్పర్‌స్ట్రాట్ వీధిలో 2021లో తెరిచిన పేర్ల స్మారకం ఉంది, వాస్తుశిల్పి డేనియల్ లీబెస్కిండ్ రూపకల్పన, ప్రవేశం ఉచితం. నెదర్లాండ్స్ నుంచి తీసుకెళ్లి చంపేసిన 1,02,000 మందికి పైగా యూదులు, సింతీ, రోమా తెగల జనం పేర్లు ఒక్కో ఇటుక మీద ఒక్కొక్కటి చెక్కారు. అక్కణ్నించి నడిచి వెళ్లేంత దూరంలోనే 2024 మార్చిలో తెరిచిన జాతీయ హోలోకాస్ట్ మ్యూజియం, డచ్ ప్రతిఘటన మ్యూజియం ఉన్నాయి. అన్నే ఇల్లు ఒక కుటుంబం కథ చెప్తుంది. ఊరంతటి కథ తెలియాలంటే ఇటు రావాల్సిందే, టికెట్ దొరికినా సరే.

బసకొస్తే, మేం మొదట కాలువ పక్కన పాత ఇంట్లో నడిపే చిన్న హోటల్లో దిగాం. కిటికీలోంచి చూస్తే బొమ్మే. లిఫ్టు లేదు, మూడో అంతస్తు, మెట్లు అన్నే ఇంటి మెట్లకి తీసిపోవు, గదిలో రెండు సూట్‌కేసులు ఒకేసారి తెరవలేం. బుక్ చేసేటప్పుడు లిఫ్టు సంగతి అడగండి. ఊళ్లో పర్యాటక పన్ను గది అద్దె మీద 12.5 శాతం, చాలాచోట్ల చూపించే ధరలో అది కలవదు. 2026 జనవరి నుంచి గదుల మీద వ్యాట్ కూడా 9 నుంచి 21 శాతానికి పెరిగింది.

తర్వాత పక్క ఊరు హార్లెమ్‌కి మారాం. సెంట్రల్ స్టేషన్ నుంచి రైల్లో ఇరవై నిమిషాల లోపే, అదే డబ్బుకి లిఫ్టూ పెద్ద గదీ. అమ్మ అక్కడే స్థిమితపడింది. ఊరి శివారు ఆమ్‌స్టెల్‌వేన్‌లో మనవాళ్లు చాలామంది ఉన్నారు, పప్పూ ఉప్పూ దొరుకుతాయి, చుట్టాలుంటే అక్కడే దిగండి. కానీ పాత ఊరికి రావాలంటే ప్రయాణానికి ఎక్కువ టైము పెట్టుకోవాలి.

ట్రామ్‌కి, రైలుకి విడిగా కార్డు కొననక్కర్లేదు, మన కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు ఆనిస్తే చాలు. దిగేటప్పుడు కూడా ఆనించాలి, అది కూడా ఎక్కేటప్పుడు వాడినదే. ఫోనుతో ఎక్కి కార్డుతో దిగితే వాళ్ల లెక్కలో అవి ఇద్దరు మనుషులు.