మాన్యువల్ టెస్టింగా, ఆటోమేషనా? మూడు నాలుగేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకు ఏది మేలు?

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో మూడు నాలుగేళ్ళు దాటినవాళ్ళలో, చేత్తో పరీక్షించే మాన్యువల్ పనిలోనే ఉండాలా, పరీక్షలను కోడ్‌గా రాసే ఆటోమేషన్‌కి మారాలా అనే టెన్షన్ లేనివాళ్ళు తక్కువ. అప్రైజల్ మీటింగ్‌లో మేనేజర్ "ఆటోమేషన్ ఎంతవరకు వచ్చింది?" అని అడుగుతాడు. ఉద్యోగాల కోసం వెతికితే చాలా ప్రకటనల్లో సెలీనియం (బ్రౌజర్‌లో పరీక్షలను తానే నడిపే టూల్), జావా, ఎపిఐ టెస్టింగ్ (స్క్రీన్‌తో పని లేకుండా ప్రోగ్రామ్‌ల మధ్య నడిచే సంభాషణను పరీక్షించడం) అనే మాటలే కనిపిస్తాయి. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల బోర్డులు చదివితే మాన్యువల్ టెస్టింగ్ కాలం ఎప్పుడో అయిపోయిందనిపిస్తుంది. కానీ ఏళ్ళ తరబడి ఒకే బ్యాంకింగ్ ప్రాజెక్టు మీద ఉన్న మాన్యువల్ టెస్టర్ సైన్‌ఆఫ్ ఇస్తే తప్ప రిలీజ్ కదలని టీములు ఇప్పటికీ ఉన్నాయి.

అందుకే ఈ రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. పని ఇప్పటికే తెలిసి, వచ్చే ఐదేళ్ళు ఎటు వెళ్ళాలా అని ఆలోచిస్తున్నవాళ్ళ కోసం ఇది.

రోజువారీ పనిలో తేడా

మాన్యువల్ టెస్టర్ రిక్వైర్‌మెంట్ చదువుతాడు, అందులో లేని ప్రశ్నలు అడుగుతాడు, టెస్ట్ కేసులు రాస్తాడు, బిల్డ్ (పరీక్షించాల్సిన కొత్త వెర్షన్) వచ్చాక ఒక్కొక్కటీ చేసి చూస్తాడు. బగ్ దొరికితే, బగ్‌లు నమోదు చేసే జిరా టూల్‌లో వేసి, డెవలపర్ "నా మెషిన్‌లో బాగానే ఉంది" అంటే పక్కన కూర్చుని చూపిస్తాడు. ఫిక్స్ వచ్చాక మళ్ళీ చూస్తాడు. పని ఎక్కువగా మనుషులతో, ప్రశ్నలతో నడుస్తుంది.

ఆటోమేషన్ టెస్టర్ అవే పరీక్షలను కోడ్‌గా రాస్తాడు. రాత్రి జెంకిన్స్ అనే టూల్‌లో అవన్నీ వాటంతటవే నడుస్తాయి. పొద్దున్నే రిపోర్ట్ తెరిచి, ఫెయిలైనవాటిలో నిజమైన బగ్ ఏది, స్క్రిప్ట్ తప్పు ఏది, ఎన్విరాన్‌మెంట్ (పరీక్షలు నడిచే సర్వర్లు) పడిపోవడం వల్ల ఫెయిలైనది ఏది అని విడదీస్తాడు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ముందుగా ఎవరూ చెప్పని సంగతి ఇదే: స్క్రిప్టులు రాయడానికి పట్టే టైమ్ కంటే, రాసినవాటిని బతికించుకోవడానికి పట్టే టైమ్ ఎక్కువ. స్క్రీన్ మీద ఒక బటన్ ఐడీ మారితే ఇరవై స్క్రిప్టులు ఒకేసారి ఫెయిలై ఎర్రబడతాయి.

మెషిన్ చేయాల్సిన పని

రిగ్రెషన్ (కొత్త మార్పుల వల్ల పాతవి చెడలేదని మళ్ళీ పరీక్షించడం) విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. ఇన్సూరెన్స్ ప్రీమియం లెక్కనే తీసుకోండి. వయసు, పాలసీ మొత్తం, కాలపరిమితి, రైడర్లు (అదనపు కవర్లు), పొగతాగే అలవాటు, వీటన్నిటి కలయికలు వందల్లో ఉంటాయి. రెండు వారాలకోసారి రిలీజ్ ఉన్న ప్రాజెక్టులో వాటన్నిటినీ చేత్తో చేయించడమంటే మనిషిని అలసట వైపు నెట్టడమే. మూడో రౌండ్‌కి వచ్చేసరికి ఎంత శ్రద్ధగల టెస్టర్‌కైనా కళ్ళు అంకెల మీద ఆగవు. పాస్ అని కొట్టి ముందుకు పోవడం మొదలవుతుంది. అది ఆ మనిషి లోపం కాదు, పని పంచిన పద్ధతిలో లోపం.

లోడ్ టెస్టింగ్‌ది కూడా ఇదే కథ. తత్కాల్ టికెట్ల కోసం పది గంటలకు జనమంతా ఒక్కసారిగా మీదపడే పరిస్థితిని చేత్తో ఎవరూ సృష్టించలేరు. దానికి జేమీటర్ లాంటి టూల్ కావాల్సిందే.

సెలీనియం పుట్టుక కూడా ఈ అలసట నుంచే. 2004లో షికాగోలో థాట్‌వర్క్స్‌లో పనిచేస్తున్న జేసన్ హగ్గిన్స్, కంపెనీ లోపల వాడే టైమ్, ఖర్చుల అప్లికేషన్‌ని పదే పదే చేత్తో పరీక్షించాల్సి రావడంతో, బ్రౌజర్‌లో ఆ పని తానే చేసే జావాస్క్రిప్ట్ ప్రోగ్రామ్ రాశాడు. అప్పట్లో పెద్ద కంపెనీల్లో రాజ్యమేలింది క్యూటీపీ అనే ఆటోమేషన్ టూల్. దాన్ని తయారుచేసిన మెర్క్యురీ ఇంటరాక్టివ్‌ని 2006లో హెచ్‌పీ కొనుక్కుంది. లైసెన్స్ డబ్బు కట్టక్కర్లేని సెలీనియం నెమ్మదిగా ఆ చోటు ఆక్రమించింది. 2020లో మైక్రోసాఫ్ట్ ప్లేరైట్ అనే ఇలాంటి టూల్‌నే తెచ్చింది. ఇప్పుడు కొత్త ప్రాజెక్టుల్లో దాని పేరు గట్టిగా వినిపిస్తోంది. ఈ వరస ఎందుకు చెబుతున్నానంటే, క్యూటీపీలో రికార్డ్ అండ్ ప్లేబ్యాక్ (చేసిన క్లిక్‌లను రికార్డ్ చేసి మళ్ళీ నడపడం) ఒక్కటే నేర్చుకుని ఆగిపోయినవాళ్ళకు సెలీనియం వచ్చాక చాలా కష్టమైంది. ప్రోగ్రామింగ్ బాగా నేర్చుకున్నవాళ్ళు మాత్రం టూల్ మారిన ప్రతిసారీ కొద్ది వారాల్లో సర్దుకున్నారు.

మనిషి కన్ను తప్పనిసరైన చోటు

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఎందుకంటే మాన్యువల్ టెస్టింగ్‌ని "క్లిక్ చేసే పని" అని తీసిపారేసే మాట నన్ను నిజంగా బాధపెడుతుంది.

థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం 1985 నుంచి 1987 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురు రోగులకు ప్రమాదకరమైన మోతాదులో రేడియేషన్ ఇచ్చింది. వాళ్ళలో కొందరు చనిపోయారు. 1986లో టెక్సస్‌లోని టైలర్‌లో జరిగిన రెండు ప్రమాదాల్లో ఆపరేటర్ ముందు ఎక్స్‌రే అని టైప్ చేసి, పొరపాటు గమనించి, కర్సర్ పైకి తీసుకెళ్ళి ఎలక్ట్రాన్ అని మార్చింది. ఆ సవరణంతా ఎనిమిది సెకన్లలోపు ముగిస్తే యంత్రం మార్పును పూర్తిగా పట్టించుకునేది కాదు. తెరపై మాత్రం అంతా సరిగ్గానే కనిపించేది. తయారీ కంపెనీ ఇంజినీర్లు ఎంత ప్రయత్నించినా మొదట ఆ తప్పు మళ్ళీ రాలేదు. ఎందుకంటే వాళ్ళు నెమ్మదిగా టైప్ చేశారు. చివరికి ఆ ఆసుపత్రి ఫిజిసిస్ట్, ఆ ఆపరేటర్‌నే పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె చేసిన వేగంతోనే మళ్ళీ మళ్ళీ చేసి పట్టుకున్నాడు. రోజూ వాడే మనిషి చేతివేగం ఎంతో ఏ రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటూ రాయదు. పక్కన కూర్చుని చూసినవాళ్ళకే అది తెలుస్తుంది.

మన భాషకే సంబంధించిన సంగతి ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరం, మధ్యలో ఒక కనిపించని యూనికోడ్ గుర్తుతో కలిసి ఐఫోన్‌కి మెసేజ్‌గా వస్తే, ఆ మెసేజ్ యాప్ మూతపడిపోయేది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6లో దాన్ని సరిచేసింది. తెలుగులో రోజూ టైప్ చేసే టెస్టర్ ఉంటే ఇది ముందే దొరికేదని ఖాయంగా చెప్పలేను. కానీ టెస్ట్ డేటాలో "జాన్ స్మిత్" తప్ప ఇంకో పేరు పెట్టని టీముకి ఇలాంటివి దొరికే అవకాశమే లేదు. మన పేర్లనే చూడండి. ఇంటిపేరు ముందు రాస్తాం, చాలామంది దాన్ని ఒక్క అక్షరంగా కుదిస్తారు. లాస్ట్ నేమ్‌లో కనీసం రెండు అక్షరాలు ఉండాలని పట్టుబట్టే ఫారాల దగ్గర ఎంతమంది ఆగిపోతున్నారో! ఈ టెస్ట్ కేసు రాయాలంటే ముందు అది ఎవరికైనా తట్టాలి. తట్టాక దాన్ని ఆటోమేట్ చేయడం ఐదు నిమిషాల పని.

ఆటోమేషన్ పచ్చరంగు (పాస్) చూపించినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదని 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో కూడా బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. తర్వాత బయటపడ్డ కారణం ఇది: సాఫ్ట్‌వేర్‌లో ఒక భాగం 21 విలువల కోసం చూస్తోంది, దానికి డేటా అందించే కోడ్ 20 మాత్రమే ఇస్తోంది. పరీక్షల్లో ఆ 21వ చోట "ఏదైనా సరే" అనే గుర్తు వాడారు కాబట్టి అక్కడి ఖాళీ ఎప్పుడూ బయటపడలేదు. అప్‌డేట్‌ని సరిచూడాల్సిన ప్రోగ్రామ్‌లోనూ లోపం ఉంది. పరీక్షలు నడిచాయి, పాసయ్యాయి. వాటి మధ్యలో ఏం మిగిలిపోయిందని అడిగే ఆలోచన మాత్రం లేకుండా పోయింది.

చిన్న స్థాయిలో ఇలాంటివి ప్రతి టీములోనూ జరుగుతాయి. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో కుకీల నోటీసు వచ్చి చెల్లింపు బటన్‌ని కప్పేసింది. కస్టమర్‌కి బటన్ నొక్కడం కుదరదు. కానీ స్క్రిప్ట్ మాత్రం జావాస్క్రిప్ట్ ద్వారా నేరుగా క్లిక్ పంపేలా రాసి ఉంది కాబట్టి ప్రతి రాత్రీ పాసవుతూనే ఉంది. దాన్ని పట్టుకున్నది ఫోన్‌లో సైట్ తెరిచి చూసిన మాన్యువల్ టెస్టర్.

డొమైన్ అనే బలం

మాన్యువల్ దారిలో ఉన్నవాళ్ళకు అసలు ఆస్తి డొమైన్, అంటే తాము పరీక్షించే వ్యాపారం గురించిన అవగాహన. యూపీఐ చెల్లింపే ఉదాహరణ. డబ్బు ఖాతాలోంచి పోయింది, షాపువాడికి కన్ఫర్మేషన్ రాలేదు. ఇప్పుడేం జరగాలి? రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరు సర్క్యులర్ ప్రకారం, మనిషి నుంచి మనిషికి పంపినదైతే లావాదేవీ మర్నాటికల్లా, షాపు చెల్లింపైతే ఐదు రోజుల్లోపు వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం కట్టాలి. ఇది తెలిసిన టెస్టర్ "పెండింగ్" స్టేటస్ దగ్గరే పది ప్రశ్నలు వేస్తాడు. మధ్యలో సెలవు వస్తే? వెనక్కి వచ్చిన డబ్బు, ఆలస్యంగా వచ్చిన సక్సెస్ మెసేజ్ రెండూ ఒకేసారి వస్తే? కోడ్ మాత్రమే తెలిసిన టెస్టర్‌కి ఈ ప్రశ్నలు పుట్టవు.

అయితే డొమైన్ తెలుసు అని చెప్పి స్క్రీన్ దాటి లోపలికి చూడకపోతే ఇప్పుడు కుదరదు. డేటాబేస్‌లో ఎంట్రీ ఎలా పడిందో, డేటాబేస్‌ని అడిగే భాష అయిన ఎస్‌క్యూఎల్‌తో చూడాలి. పోస్ట్‌మన్ అనే టూల్‌లో ఎపిఐని నేరుగా పిలిచి చూడాలి. లాగ్ ఫైల్ (సిస్టమ్ తన పనిని రాసుకునే రికార్డు) తెరిచి ఎర్రర్ ఎక్కడ మొదలైందో చెప్పగలగాలి. ఈ మూడూ వచ్చిన మాన్యువల్ టెస్టర్ బగ్ రిపోర్ట్‌ని డెవలపర్ వెనక్కి తిప్పి పంపడు.

జీతం, గౌరవం, భయం

ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, ఉద్యోగం మారేటప్పుడు ఆటోమేషన్ వచ్చినవాళ్ళకు పిలుపులు ఎక్కువ, ఆఫర్ కూడా మెరుగ్గా ఉంటుంది. సర్వీస్ కంపెనీలో ప్రాజెక్టు అయిపోయి బెంచ్ మీదకు వస్తే, మాన్యువల్ ఒక్కటే రాసి ఉన్న ప్రొఫైల్‌కి కొత్త ప్రాజెక్టు దొరకడం ఆలస్యమవుతుంది. ఇంటి లోన్ ఉన్నవాళ్ళు ఈ సంగతిని పక్కన పెట్టకూడదు.

ఏఐ గురించి కూడా ఒక మాట. ప్లేరైట్ స్క్రిప్ట్ మొదటి డ్రాఫ్ట్ ఇప్పుడు ఏఐ టూల్సే రాసి ఇస్తున్నాయి. కాబట్టి లొకేటర్ (స్క్రీన్ మీద బటన్‌ని గుర్తుపట్టే ఆనవాలు) వెతికి క్లిక్ లైన్ రాయడం వరకే వచ్చిన ఆటోమేషన్ టెస్టర్ కూడా భద్రంగా లేడు. రాసి ఇచ్చిన స్క్రిప్ట్ చివర్లో అసలు ఏదైనా సరిచూస్తోందా లేదా అని చదివి పట్టుకోగలిగినవాళ్ళకు మాత్రం పని పెరుగుతోంది.

టెస్టర్లకు ఇచ్చే ఐఎస్‌టీక్యూబీ ఫౌండేషన్ సర్టిఫికెట్ గురించి చాలామంది అడుగుతారు. 40 ప్రశ్నలు, 26 మార్కులు వస్తే పాస్. కొందరు క్లయింట్లు అడుగుతారు కాబట్టి కంపెనీ ఫీజు కడితే రాసేయండి. మీ డబ్బే అయితే ముందు ఎస్‌క్యూఎల్ మీద సమయం పెట్టండి.

నా సలహా

తరచూ రిలీజులు ఉండే వెబ్ లేదా మొబైల్ ప్రాడక్ట్‌లో ఉంటే ఆటోమేషన్‌కే వెళ్ళండి. కానీ అందరూ మొదలుపెట్టినట్టు స్క్రీన్ మీది బటన్లతో కాకుండా ఎపిఐ పరీక్షలతో మొదలుపెట్టండి. అవి త్వరగా నడుస్తాయి, ఊరికే విరిగిపోవు, సిస్టమ్ లోపల ఏం జరుగుతోందో నేర్పుతాయి. యూఐ (స్క్రీన్ మీది) ఆటోమేషన్‌ని లాగిన్, చెల్లింపు లాంటి ముఖ్యమైన కొన్ని దారులకే పరిమితం చేయండి. జావానా, పైథానా అనేది మీ డెవలపర్లు ఏది వాడుతున్నారో చూసి తేల్చుకోండి. ఇరుక్కుంటే పక్క సీటులో అడగొచ్చు.

బ్యాంకింగ్, ఇన్సూరెన్స్, హెల్త్‌కేర్‌లో నాలుగేళ్ళుగా పాతుకుపోయి, ఆ వ్యాపారం మీద నిజంగా ఇష్టం ఉంటే, చేతిలో ఉన్న బలాన్ని వదిలేసి అందరితో పాటు సెలీనియం బ్యాచ్‌లో చేరక్కర్లేదు. ఎస్‌క్యూఎల్, ఎపిఐ, లాగ్స్ నేర్చుకుని టెస్ట్ లీడ్ వైపో, బిజినెస్ అనలిస్ట్ వైపో నడవండి. స్క్రీన్ మీద మాత్రమే పరీక్షించే మాన్యువల్ పనిలో ఇంకో ఐదేళ్ళు ఉండిపోవడం మాత్రం ఎవరికీ మంచిది కాదని నా గట్టి అభిప్రాయం.

ఎటూ తేలకపోతే, కోర్సుకు డబ్బు కట్టే ముందు ఒక పని చేసి చూడండి. మీ ప్రాజెక్టు రిగ్రెషన్‌లో మీకు బాగా తెలిసిన, ప్రతి రిలీజ్‌కీ చేయాల్సి వచ్చే పది టెస్ట్ కేసులు తీసుకోండి. టీములో ఆటోమేషన్ తెలిసినవాళ్ళను అడిగి వాటిని కోడ్‌లో రాసి, రెండు స్ప్రింట్‌ల (పని విడతల) పాటు మీరే నడపండి. స్క్రిప్ట్ ఫెయిలైన పొద్దున, కారణం తేలేదాకా కుర్చీలోంచి లేవబుద్ధి కాకపోతే ఆటోమేషన్‌లో చేరిపోండి. ఫెయిలైన స్క్రిప్ట్‌ని పక్కనబెట్టి "కస్టమర్ ఇక్కడ ఇలా చేస్తే ఏమవుతుంది?" అని యాప్ తెరిచి చూడటం మొదలుపెట్టారంటే, మీ మేనేజర్‌తో డొమైన్ వైపు మాట్లాడండి.