25 డాలర్ల 'ఫైవ్ స్టార్ గ్యారంటీ' రిక్రూటింగ్ గైడ్ కొనకండి, నేను కొని మునిగాను

కాలేజ్ ఫుట్‌బాల్ 25 అనే అమెరికన్ ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లో డైనస్టీ (ఒక కాలేజీ టీమ్‌ని తీసుకుని సీజన్ తర్వాత సీజన్ నడిపించే మోడ్) ఆడే మనవాళ్లకి ఒక మాట. అందులో కొత్త కుర్రాళ్లని మన టీమ్‌లోకి రప్పించుకోవడమే రిక్రూటింగ్, ఫైవ్ స్టార్ అంటే అందరికంటే మేటి ఆటగాడు. "ఏ టీమ్‌తో అయినా మొదటి సీజన్‌లోనే ఫైవ్ స్టార్ ఆటగాళ్లు" అంటూ చాట్ గ్రూపుల్లో ఒక పీడీఎఫ్ అమ్ముతున్నారు. 25 డాలర్లు. దాని జోలికి పోకండి.

నేను టెక్సస్‌లోని డెంటన్‌లో, నార్త్ టెక్సస్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేశాను. చదువుకున్నన్నాళ్లూ ఒక్కసారి కూడా స్టేడియం గేటు దాటలేదు కానీ, 2024 జూలైలో గేమ్ రాగానే నార్త్ టెక్సస్ టీమ్‌నే తీసుకున్నాను. మన కాలేజీ అన్న అభిమానం, ఇంకేముంది. 134 టీముల్లో మనది పెద్ద టీమేమీ కాదు. అలబామా, జార్జియా గుమ్మం ముందు ఫైవ్ స్టార్ కుర్రాళ్లు క్యూ కడతారు. మనకి త్రీ స్టార్ వాడు సరేనన్నా పండగే. మూడు సీజన్లు అలాగే గడిచి విసుగొచ్చి ఉన్నప్పుడు ఈ గైడ్ కంటపడింది.

అమ్మినవాడు తెలుగువాడే. "అన్నా, మీది గుంటూరా? మాదీ ఆ పక్కనే" అన్నాడు. అంతే, అక్కడే పడిపోయాను. డబ్బు మాత్రం పేమెంట్ యాప్‌లో 'ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ' కింద పంపమన్నాడు. అలా పంపితే అది సరుకు కొన్న లెక్కలోకి రాదు, తర్వాత గొడవ పెట్టుకున్నా డబ్బు తిరిగి రాదు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసీ పంపాను. తమాషా ఏంటంటే గేమ్‌లో కూడా అదే పేరుతో ఒక ఆప్షన్ ఉంది, కుర్రాడి ఇంటివాళ్లతో మాట్లాడటానికి. కుర్రాళ్ల వెంటపడటానికి గేమ్‌లో టీమ్‌కి వారానికి ఇన్ని గంటలని ఇస్తారు, దానికీ అందులో 25 గంటలే ఖర్చు.

పీడీఎఫ్ వచ్చింది. 22 పేజీలు, సగం బొమ్మలు. ఏడో పేజీలో ఇలా ఉంది: "మీకు బాగా కావాల్సిన ఆటగాడి మీద వారానికి 500 పాయింట్లు పెట్టండి." గేమ్ తెరిచి ఎంత వెతికినా పాయింట్లు కనపడవే! ఈ గేమ్‌లో రిక్రూటింగ్ అంతా గంటల లెక్క. స్కాలర్‌షిప్ ఇవ్వడానికి 5, మెసేజ్ పెట్టడానికి 10, ఉన్నదంతా ఒక్కడి మీదే కుమ్మరించే 'సెండ్ ద హౌస్'కి 50. మరి పాయింట్లు ఎక్కడివి? ఇదే సిరీస్‌లో 2013లో వచ్చిన పాత గేమ్ ఎన్‌సీఏఏ ఫుట్‌బాల్ 14వి. నిజమైన కాలేజీ ఆటగాళ్ల పోలికలు వాడుకుని వాళ్లకి పైసా ఇవ్వలేదని కోర్టు కేసులు పడి, ఆ తర్వాత పదకొండేళ్లు ఈ సిరీసే ఆగిపోయింది. ఈ మహానుభావుడు అప్పటి గైడ్‌కి కొత్త అట్ట వేశాడు. చద్దన్నానికి పోపు పెట్టి పులిహోర అన్నట్టు.

అది అర్థమయ్యేలోపే ఒక సీజన్ పాడు చేసుకున్నాను. బోర్డు (మనం వెంటపడే కుర్రాళ్ల జాబితా) మీద 35 మందికి చోటుంది కాబట్టి 35 మందినీ నింపి గంటలు సమానంగా పంచమన్నాడు. చిన్న టీమ్‌కి వచ్చే గంటలు అలా పంచితే ఎవరికీ ఆనవు. ఇంకో ముత్యం: "ఒకే పొజిషన్ వాళ్లని ఒకే వారం విజిట్‌కి పిలవండి, పోటీ పెరుగుతుంది." విజిట్ అంటే మన మ్యాచ్ చూడటానికి కుర్రాణ్ణి కాలేజీకి పిలవడం. పిలిచాను. ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు (బంతి విసిరేవాళ్లు), ఒక్కొక్కరికి 40 గంటలు. నిజానికి ఒకే పొజిషన్ వాళ్లు కలిసి వస్తే ఇద్దరి ఆసక్తీ దెబ్బతింటుంది. క్వార్టర్‌బ్యాక్‌తో పాటు ఆ బంతి అందుకునే రిసీవర్ వస్తే పెరుగుతుంది. దానికి తోడు ఆ రోజు మ్యాచ్ కూడా ఓడాను. సోమవారానికల్లా ఇద్దరూ వేరే టీముల వైపు తిరిగారు. 80 గంటలు బూడిదలో పోసిన పన్నీరు.

డీల్‌బ్రేకర్ గురించి 22 పేజీల్లో ఒక్క ముక్క లేదు. కుర్రాడు పట్టుబట్టే విషయంలో, అంటే ఆడే అవకాశమో, ఇంటికి దగ్గరో, మన గ్రేడ్ చాలకపోతే ఎన్ని గంటలు పెట్టినా వాడు రాడు. ముందు చూడాల్సింది అదే.

డబ్బు వెనక్కి ఇవ్వమంటే ఏం చేశాడో తెలుసా? "మీ లాగిన్, ఫోన్‌కి వచ్చే కోడ్ ఇవ్వండి అన్నా, నేనే టీమ్ సెట్ చేసి పెడతా" అన్నాడు. అప్పుడు దిగింది మత్తు. ఇవ్వలేదు. పాస్‌వర్డ్ మార్చుకున్నాను, అతను నన్ను బ్లాక్ చేశాడు. గ్రూపులో ఇంకొకరు కోడ్ ఇచ్చేశారట, నాలుగు రోజులు అకౌంట్ చేతికి రాలేదు.

ఇలాంటిది ఎవరైనా అమ్మజూపితే ఒక్క ప్రశ్న అడగండి: సాఫ్ట్ సెల్‌కి ఎన్ని గంటలు, హార్డ్ సెల్‌కి ఎన్ని? రెండూ కుర్రాడికి మన కాలేజీ గురించి చెప్పి ఒప్పించే ఆప్షన్లు. జవాబు 20, 40. వెంటనే చెప్పలేనివాడు ఈ గేమ్ ఆడనట్టే.

ఇప్పుడు నేను పన్నెండు మందికి మించి వెంటపడటం లేదు. పైప్‌లైన్ (ఆ ప్రాంతంలో మన టీమ్‌కున్న పట్టు) ఉన్న టెక్సస్ కుర్రాళ్లనే ముందు స్కౌట్ చేస్తాను, అంటే వాళ్ల ఆట ఎంతో ఆరా తీస్తాను. ఆకుపచ్చ జెమ్ గుర్తు (స్టార్ల కంటే మెరుగైనవాడని) పడిన త్రీ స్టార్ వాడు దొరికితే వదలను. ఎర్ర గుర్తు (స్టార్లంత లేడని) పడితే ఆ గంటలు ఇంకొకడికి. మొన్నటి సీజన్‌లో అలా దొరికిన లైన్‌బ్యాకర్ ఇప్పుడు నా టీమ్‌లో అందరికంటే మెరుగ్గా ఆడుతున్నాడు.

పీడీఎఫ్ ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. మీకు ఎవరైనా అమ్మజూపుతున్నది ఇదేనేమో అని అనుమానం ఉంటే చెప్పండి, ఏడో పేజీ ఫోటో తీసి పంపిస్తాను. ఊరికే.